ఎర్రబస్సు దారిలో కాకతీయుల చెరువులు

ఎదుటి మనిషిని నాగరికత తెలియనివాడని తీసిపారేయాలంటే 'ఎర్రబస్సెక్కి వచ్చాడు' అనడం తెలుగు నగరాల్లో పాత అలవాటు. ఆ మాటలో రెండు అవమానాలున్నాయి. ఒకటి పల్లెకు, రెండోది పల్లెను పట్నంతో కలిపిన ప్రభుత్వ రవాణాకు. ఆ మాట అలవోకగా అనేవారు హనుమకొండ బస్టాండులో ఏటూరునాగారం వైపు వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కి ఒక రెండు రోజులు తిరిగి వస్తే, ఏ దారిలో ఎంత నాగరికత పరచుకుని ఉందో కొంత తెలిసివస్తుంది.

ఆ దారి ములుగు మీదుగా గోదావరి అడవుల్లోకి పోతుంది. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేటకు, రామప్ప చెరువుకు దారి చీలుతుంది. దిగకుండా ఇంకా ముందుకు పోయి చల్వాయిలో దిగితే లక్నవరం. పాలంపేటకు ఆ పక్కనే గణపురం చెరువు, దాని సమీపంలో కోటగుళ్లు. హనుమకొండ నుంచి మరో దిక్కున నర్సంపేట బస్సు ఎక్కితే పాకాల. క్రాసు దగ్గర దిగాక అందితే మరో బస్సు, అందకపోతే షేర్ ఆటో, ఆ పైన కాళ్లు. ఈ చివరి అంశమే ముఖ్యం. కారులో వచ్చినవారు నేరుగా గుడి ముందున్న పార్కింగుకు చేరుతారు, మదనికల ముందు ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. చెరువు కట్ట అక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్నా చాలామంది దానిని చూడకుండానే వెళ్లిపోతారు. బస్సు దిగి నడిచేవారికి మాత్రం చరిత్ర సరైన వరుసలో ఎదురవుతుంది. ముందు ఆయకట్టు, ఆ తర్వాత కాలువ, తూము, కట్ట, కట్ట ఎక్కితే నీళ్లు. గుడి ఆ వ్యవస్థలో ఒక భాగంగా కనిపిస్తుంది.

పాలంపేట శాసనం తేదీ 1213. గణపతిదేవుడు ఓరుగల్లు సింహాసనంపై ఉన్న కాలం అది. ఆ చక్రవర్తి 1199 నుంచి 1262 వరకు, ఆరు దశాబ్దాలకు పైగా పాలించాడు. గుడి కట్టించి గ్రామాలను దానం చేసినవాడు ఆయన సేనాని రేచర్ల రుద్రుడు. గుడికి ఆయన పెట్టిన పేరు రుద్రేశ్వరం. జనం నోట నిలిచిన పేరు మాత్రం శిల్పిగా చెప్పుకునే రామప్పది. పోషకుడి పేరు రాతిలో, పనివాడి పేరు వాడుకలో మిగలడం చరిత్రలో తరచుగా జరిగే సంగతి కాదు. ఇసుక నింపిన పునాది, నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, నల్లరాతి నాట్యగత్తెలు, వీటి గురించి ఇప్పటికే బోలెడు రాశారు. చెరువు గురించి అంత రాయలేదు.

కాకతీయుల రాజధానికి పక్కన జీవనది లేదు. కృష్ణకూ గోదావరికీ నడుమ ఉన్న మెట్టభూమి అది. కొద్ది నెలలు కురిసే వాన, ఆ తర్వాత ఎండిపోయే వాగులు. అటువంటి నేలపై రాజ్యం నిలబడాలంటే వాననీటిని ఎక్కడికక్కడ పట్టి నిలపాలి. రెండు గుట్టల మధ్య వాగు ఇరుకైన చోటు చూసి అక్కడ కట్ట పోయడం వారి పద్ధతి. తక్కువ మట్టి, తక్కువ రాయి, ఎక్కువ నీరు. లక్నవరంలో మూడు ఇరుకు లోయలను మూడు పొట్టి కట్టలతో మూసేశారు. మిగిలిన గోడ అంతా కొండలదే. గణపతిదేవుని కాలంలోనే జగదల ముమ్మడి కట్టించిన పాకాల నిండినప్పుడు సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర నీరు పరచుకుంటుంది. ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువులో పడేలా, దాని మత్తడి మరో చెరువును నింపేలా కూర్చిన గొలుసుకట్టు తెలంగాణ పల్లెల రూపురేఖలనే నిర్ణయించింది. ఊరు ఎక్కడ ఉండాలో, శ్మశానం ఎక్కడ ఉండాలో, ఏ కులం ఏ దిక్కున ఉండాలో కూడా చాలా చోట్ల చెరువును బట్టే తేలింది. ఈ చివరి సంగతి చెరువుల కీర్తిగానంలో సాధారణంగా వినిపించదు.

సప్తసంతానాల్లో తటాకం ఒకటని నాటి ధర్మం. కొడుకును కన్నంత పుణ్యం చెరువు తవ్విస్తే వస్తుందని నమ్మకం. అయితే పుణ్యం ఒక్కటే వేల చెరువులను కట్టించలేదు. కొత్త చెరువు కింద కొత్తగా సాగులోకి వచ్చిన భూమిలో కట్టించినవారికి వాటా ఉండేది. దశబంధం అనే ఏర్పాటు కింద చెరువును కట్టి, బాగుచేసి, కాపాడేవారికి భూమినో, రాబడిలో కొంత భాగాన్నో వదిలేవారు. నిజాం కాలంలో కూడా దస్తబంద్ పేరుతో అది కొనసాగింది. తూము తెరిచి మూసే నీరటికి కల్లంలో గింజల వాటా ఉండేది. అంటే, మరమ్మతు ఖర్చు కట్టిన రోజే రాబడిలో ముడిపడి ఉంది. ఇప్పటి ప్రభుత్వాలు శంకుస్థాపన ఫలకంతోనే పని ముగిసినట్టు భావిస్తున్న కాలంలో ఈ సంగతి మరీ పనికొచ్చే చరిత్ర.

ఈ మెట్టప్రాంతపు సమాజాన్ని శాసనాల ఆధారంగా పరిశీలించిన సింథియా టాల్బాట్ 2001లో వెలువడిన తన గ్రంథంలో ఒక చిత్రాన్ని ఆవిష్కరించారు. అగ్రవర్ణ హోదా కోసం పాకులాడని యోధులు, కదలికకు అవకాశమున్న సమాజం, లోతట్టు మెట్టలోకి విస్తరిస్తున్న సాగు. కాకతీయులే తమ శాసనాల్లో ఎక్కువగా క్షత్రియులమని చెప్పుకోలేదు. నేటి రాజకీయాల్లో ప్రతి కులమూ ఒక రాజవంశాన్ని వెతుక్కుంటున్న తరుణంలో, ఆ రాజులకు లేని ఆరాటం వారి వారసులమనేవారికి ఎందుకో అనిపించకమానదు.

ఇంతవరకు చెప్పింది కట్ట మీద నిలబడితే కనిపించే చరిత్ర. అదే బస్సు దారిలో ఇంకాస్త ముందుకు, పస్రా మీదుగా తాడ్వాయి వైపు పోతే మేడారం. రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు ఆర్టీసీ వేల సంఖ్యలో బస్సులు నడుపుతుంది. కోయల జ్ఞాపకంలో ప్రతాపరుద్రుడు చెరువుల రాజు కాడు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న పగిడిద్దరాజు కుటుంబంపైకి సైన్యాన్ని పంపినవాడు. సమ్మక్క బిడ్డ జంపన్న పడిపోయిన సంపెంగవాగే జంపన్న వాగు అయిందని కథ. ఇది శాసనాల్లో దొరికే చరిత్ర కాదు. కానీ కోటిమంది గద్దెల ముందు మోకరిల్లే కథలో ఓడినవారే దేవతలైనప్పుడు, గెలిచిన రాజ్యం గురించి ప్రజలు ఏమి గుర్తుంచుకున్నారో తెలుస్తూనే ఉంది. మెట్టకు నీరిచ్చిన రాజ్యమే అడవి నుంచి పన్ను అడిగింది. ఒకే రూటు బస్సు ఈ రెండు చరిత్రలకూ తీసుకుపోతుంది. పర్యాటక శాఖ కరపత్రాలు సాధారణంగా రెండింటినీ ఒకే వాక్యంలో కలపవు.

నిజాం కాలానికి వస్తే కట్టల మరమ్మతులో వెట్టి చాకిరి ఎంత ఉందో చెప్పకుండా 'సామూహిక శ్రమ' అని మురిసిపోవడం నిజాయితీ కాదు. చెరువు కింద తరి భూమి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటపు ప్రశ్నల్లో ఒకటి. ఆ పాలనలోనే మరో పక్క 1914లో ఏర్పడిన పురావస్తు శాఖకు గులాం యాజ్దానీ నేతృత్వం వహించి, పాలంపేట గుళ్లపై 1922లో ఒక ప్రత్యేక గ్రంథాన్ని వెలువరించారు. రామప్ప ఆధునిక ప్రపంచానికి తెలిసింది చాలావరకు ఆ కృషి వల్లే. అయితే పుస్తకంలోకి ఎక్కిన గుడి దగ్గరకు మామూలు మనిషి వెళ్లగలగాలంటే మరొకటి కావాలి.

అది 1932లో మొదలైంది. నిజాం ప్రభుత్వం అంతకు రెండేళ్ల ముందు, 1930లో, బ్రిటిష్ కంపెనీ చేతిలోని రైల్వేను కొనుగోలు చేసింది. అదే సమయంలో దేశమంతటా ప్రైవేటు మోటారు బస్సులు రైళ్ల ప్రయాణికులను లాక్కుంటున్నాయి. బ్రిటిష్ ఇండియాలో దీనిపై విచారణ సంఘాలు కూర్చున్నాయి. హైదరాబాద్ రాజ్యం వేరే దారి తొక్కింది. రైల్వే శాఖ చేతనే బస్సులు నడిపించింది. నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. ప్రభుత్వమే నేరుగా బస్సులు నడపడం ఉపఖండంలో అప్పటికి చాలా అరుదు. బస్సు నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని ఆర్టీసీ కార్మికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమైనా, సిబ్బంది ఇంత ఇష్టంగా తరతరాలకు అప్పగించే పుట్టుపూర్వోత్తరాల కథ ఉన్న ప్రభుత్వ సంస్థలు ఎక్కువ లేవు.

స్వాతంత్ర్యం తర్వాత బస్సు రాజ్యాంగం దాకా వెళ్లింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కొన్ని రూట్లలో తానే బస్సులు నడపాలని పూనుకున్నప్పుడు ప్రైవేటు యజమానులు అలహాబాద్ హైకోర్టుకు వెళ్లి గెలిచారు. 1951లో తొలి రాజ్యాంగ సవరణ అనగానే అందరికీ భావప్రకటన స్వేచ్ఛపై ఆంక్షలు, భూసంస్కరణలు, రిజర్వేషన్లే గుర్తుకొస్తాయి. 19వ అధికరణ ఆరో క్లాజులో ఏదైనా వ్యాపారాన్ని ప్రభుత్వం పూర్తిగా తన చేతిలోకి తీసుకోవచ్చన్న మాట చేరింది కూడా ఆ సవరణతోనే, దాని వెనుక బస్సు రూట్ల పేచీ ఉంది. అయినా 1954లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ చట్టాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత 1956లో మోటారు వాహనాల చట్టంలో జాతీయీకరణ స్కీములకు ఒక కొత్త అధ్యాయం చేర్చారు.

ఆ అధ్యాయానికి తొలి పరీక్ష తెలుగు నేలపైనే జరిగింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్లను తీసుకోబోతే గుల్లపల్లి నాగేశ్వరరావు తదితర యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి. విన్నవాడే తేల్చాలి కదా అన్నది కోర్టు. న్యాయశాస్త్ర విద్యార్థులు సహజ న్యాయసూత్రాల పాఠంలో ఇప్పటికీ చదివే తీర్పు అది. కర్నూలు జిల్లా కేసు మరింత ముందుకు పోయింది. జిల్లా పశ్చిమ భాగపు రూట్లను ముందుకు జరపడం వెనుక రాజకీయ ప్రత్యర్థులైన బస్సు యజమానులను దెబ్బతీసే ఉద్దేశం ఉందన్న ఆరోపణకు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ప్రమాణపత్రం ద్వారా జవాబివ్వలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ మౌనాన్ని తప్పుపట్టి స్కీములను కొట్టేసింది. సంజీవరెడ్డి రాజీనామా చేశారు. తర్వాత రాష్ట్రపతి అయిన నాయకుడు ముఖ్యమంత్రి పదవిని వదులుకున్నది పల్లె బస్సు రూట్ల విషయంలో. కోర్టు మాటకు పదవి వదిలే సంప్రదాయం ఎప్పుడు పోయిందన్నది వేరే వ్యాసం.

ఆర్టీసీ పుట్టడానికి సరిగ్గా పది రోజుల ముందు, 1958 జనవరి 1న, బండారనాయకే ప్రభుత్వం సిలోన్ బస్సులను జాతీయం చేసి రవాణా మండలిని ఏర్పాటు చేసింది. ఈ పోలిక కాకతాళీయమే కావచ్చు, కానీ ఆలోచింపజేసేది. శ్రీలంక ఉత్తర మధ్య భాగం కూడా మెట్టే. అక్కడివారు 'వెవ' అనే చెరువులు ఒకదాని నుంచి మరొకదానికి నీళ్లు దించుకునే గొలుసులే. పొలొన్నరువలో పరాక్రమబాహు పేరు మీదున్న సముద్రం 12వ శతాబ్దానిది, దాదాపు కాకతీయుల కాలానిదే. వాననీటిని నిలబెట్టుకున్న రెండు పాత రాజ్యాల నేల మీద, ఒకే నెలలో, రెండు కొత్త ప్రభుత్వాలు పల్లెకు బస్సు నడపడం తమ బాధ్యత అనుకున్నాయి. ఆ తర్వాత రెండు చోట్లా ప్రైవేటుకు అప్పగించాలన్న వాదన బలపడింది.

మామూలు జనం చెరువు చూడటానికి రావడమేమిటన్న అసహనం కూడా కొత్తది కాదు. ఇంగ్లండు సరస్సుల ప్రాంతానికి 1844లో రైలు మార్గం ప్రతిపాదించినప్పుడు, ఆ సరస్సులనే కవిత్వం చేసిన వర్డ్స్‌వర్త్ పత్రికకెక్కి వ్యతిరేకించాడు. ప్రకృతి సౌందర్యాన్ని ఆస్వాదించడానికి సంస్కారం కావాలనీ, మిల్లు పట్టణాల కూలీలను గుంపులుగా తెచ్చి దింపితే వారికీ మేలు లేదు, ఊరికీ మేలు లేదనీ ఆయన వాదన. యువకుడిగా ఫ్రెంచి విప్లవానికి పొంగిపోయిన కవి ఆయనే. రైలు 1847లో వచ్చింది, సరస్సులు ఎక్కడికీ పోలేదు. ఆ ప్రాంతాన్ని 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కొండలు, పల్లెలు, గొర్రెల మేతతో సహా మొత్తం సీమను గుర్తించారు. 2021 జూలై 25న అదే జాబితాకెక్కిన పేరు కాకతీయ రుద్రేశ్వర ఆలయం. చెరువు ఆ పేరులో లేదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు వర్డ్స్‌వర్త్ వాదన తెలుగులో మళ్లీ వినిపించింది. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, 2023 జూన్‌లో కర్ణాటకలో ఇటువంటి పథకాలు వచ్చినప్పుడూ వినిపించిందే అది. పనీపాటా లేక గుళ్లకూ జాతరలకూ తిరుగుతున్నారట. ఒక కూలి మనిషి జీవితంలో మొదటిసారి తన జిల్లాలోనే ఉన్న ఎనిమిది వందల ఏళ్ల గుడిని చూడటానికి వెళితే అది దుబారా ఎలా అవుతుంది? కారులో వెళ్లి అదే గుడిని చూస్తే వారసత్వ పర్యాటకమా? పథకంపై అడగదగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. జీరో టికెట్ల సొమ్మును ప్రభుత్వం సంస్థకు సకాలంలో చెల్లిస్తోందా? పెరిగిన ప్రయాణికులకు తగినన్ని బస్సులు కొంటున్నారా? ఆటో కార్మికుల ఉపాధి సంగతేమిటి? ఈ ప్రశ్నలను వదిలేసి మహిళల తీర్థయాత్రలపై జోకులు వేసేవారు ఎర్రబస్సు వెక్కిరింత వారసులే.

ఉచిత ప్రయాణం చట్టమైనా, ఉత్తర్వైనా, ఊరికి బస్సు వస్తేనే దానికి అర్థం. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సాగిన సమ్మెలో ఆర్టీసీ కార్మికులు సుమారు 48 వేల మంది. సమ్మె మధ్యలోనే 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. సమ్మె ముగిశాక ఆ నిర్ణయం అమలు కాలేదు. ఆ ప్రభుత్వమే అంతకు నాలుగేళ్ల ముందు, 2015 మార్చిలో, మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పూడికతీతకు పూనుకుంది. పూర్వులు కట్టిన చెరువు ఉమ్మడి ఆస్తి, దాన్ని రాష్ట్రం బాగుచేయాలి. పూర్వులు నడిపిన బస్సు నష్టాల వ్యాపారం, దాన్ని రాష్ట్రం వదిలించుకోవాలి. ఒకే మంత్రివర్గంలో ఈ రెండు అభిప్రాయాలూ ఎలా ఇమిడాయో ఎవరూ అడగలేదు. చెరువుకు లాభనష్టాల పట్టిక రాయరు. మత్తడి పోసి పారిన నీటిని 'ఖాళీ సీటు' అనరు.

రూటు ఎత్తివేత ఒక్కరోజులో జరగదు. ముందు నైట్ హాల్ట్ బస్సు పోతుంది. రాత్రి ఊళ్లోనే నిలిచి, తెల్లవారుజామున పాల క్యాన్లనూ కూరగాయల గంపలనూ కాలేజీ పిల్లలనూ ఎక్కించుకుని పట్నం చేరే బస్సు అది. డ్రైవర్, కండక్టర్ ఏ బడి వరండాలోనో పడుకుంటారు. తర్వాత మధ్యాహ్నపు ట్రిప్పు పోతుంది. రోడ్డు బాగాలేదని కొన్నాళ్లు, బస్సు కొరత అని కొన్నాళ్లు. ఆడపిల్ల చదువు మానేసిన ఏడాదీ, ఆ ట్రిప్పు రద్దయిన ఏడాదీ ఒకటే అయిన ఇళ్లు ఆ ఊళ్లలో ఉంటాయి. చెరువు విషయంలోనూ ఇంతే. కట్ట ఒక్కసారిగా తెగదు. ముందు నీరటి పోతాడు, తర్వాత తూము షట్టరు తుప్పుపడుతుంది, ఆ తర్వాత శిఖం భూమిలో ప్లాట్ల రాళ్లు లేస్తాయి.

పాలంపేట, లక్నవరం చూసినవారు సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. లక్నవరంలో ఇప్పుడు వేలాడే వంతెన, దీవుల్లో బసలు, పడవలు ఉన్నాయి. సెలవు రోజుల్లో నిలబడటానికి చోటు దొరకదు. రామప్ప చెరువు దేవాదుల ఎత్తిపోతల పథకంలో ఒక మజిలీ అయింది, గోదావరి నీరు అక్కడ ఆగి ముందుకు పోతుంది. వంతెనలూ పడవలూ లేని ఒక చెరువు మహబూబాబాద్‌కు ఆవల బయ్యారంలో ఉంది. ఇల్లందు వైపు వెళ్లే బస్సు ఆ ఊరి మీదుగానే వెళుతుంది. గణపతిదేవుని చెల్లెలు, నతవాడి రుద్రుని భార్య మైలాంబ ధర్మకీర్తి సముద్రం పేరుతో దాన్ని తవ్వించి ఒక శాసనం వేయించింది. కాకతీయుల తొలి తరాల పేర్లు, 'కాకతి' నుంచి పాలించడం వల్లే వారికి ఆ వంశనామం వచ్చిందన్న వివరం చరిత్రకారులకు ఆ రాతిలో దొరికాయి. ఓరుగల్లు కోట తోరణాల్లో దొరకని వంశచరిత్ర ఒక మహిళ తవ్వించిన చెరువు దగ్గర దొరికింది. ఆ ఊరికి వెళ్లేవారు తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టర్‌ను అడిగి మరీ దిగాలి.